జీసస్ అండ్ మేరీ చైన్ తొలి పాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ స్కాటిష్ బ్యాండ్ 1984, 1985లలో చేసిన పాటలు ఎవరికి పంపినా తిరిగి వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకటే. "ఫైల్ పాడైందా?" దగ్గర మొదలై, రెండు వారాలు గడిచాక "ఇలాంటివి ఇంకేమున్నాయి?" దగ్గరికి చేరతాయి. ఒక్కొక్కరికి విడిగా రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

## వినకముందు

అసలు ఎవరీ జీసస్ అండ్ మేరీ చైన్?

స్కాట్లాండ్‌లో గ్లాస్గో పక్కన ఈస్ట్ కిల్‌బ్రైడ్ అనే ఊరుంది. అక్కడి అన్నదమ్ములు విలియం రీడ్, జిమ్ రీడ్ పెట్టిన బ్యాండ్ ఇది. విలియం 1958లో పుట్టాడు, జిమ్ 1961లో. అన్నది గిటార్, తమ్ముడిది గొంతు, పాటలు రాసేది ఇద్దరూ. బేస్ గిటార్ డగ్లస్ హార్ట్. 1984 నవంబరులో తొలి సింగిల్ (విడిగా అమ్మే ఒక పాట రికార్డు) ‘అప్‌సైడ్ డౌన్’ వచ్చింది. దాదాపు ఏడాదికి, 1985 నవంబరు 18న, తొలి ఆల్బమ్ ‘సైకోక్యాండీ’ వచ్చింది. ఇక్కడి ప్రశ్నలన్నీ ఎక్కువగా ఆ ఏడాది గురించే. ఆ తర్వాత కూడా వాళ్లు మంచి పాటలు చేశారు. కానీ గిటార్ పాప్ అనే మాటకు అర్థం మార్చింది ఆ పన్నెండు నెలలే అని నా నమ్మకం.

పేరు చూసి క్రైస్తవ భక్తి పాటలేమో అనుకున్నాను. కాదా?

కాదు. పాటల్లో ఉన్నది ప్రేమ, విసుగు, ఒంటరితనం. పేరు ఎలా వచ్చిందో వాళ్లే ఒక్కోసారి ఒక్కో కథ చెప్పారు. ఒకసారి పాత సినిమాలో డైలాగ్ అన్నారు. ఇంకోసారి, బ్రేక్‌ఫస్ట్ సీరియల్ ప్యాకెట్ మీద జీసస్, మేరీ బొమ్మలున్న గొలుసు ఆఫర్ చూసి పెట్టుకున్నామన్నారు. అంతకుముందు ‘ది పాపీ సీడ్స్’ అని పిలుచుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు పేరు చూసి పెడితే మాత్రం ఇబ్బంది పడతారు. ఆ మాట ముందే చెప్పడం నా బాధ్యత.

ఇది మెటలా? పంకా? ఏమని పిలవాలి?

నాయిస్ పాప్ అంటారు. మెటల్‌లో ఉండే వేగమైన గిటార్ సోలోలు ఇందులో ఉండవు. పంక్‌లో ఉండే అరుపూ ఉండదు. జిమ్ దాదాపు గొణుగుతున్నట్టు పాడతాడు. కింద 1960ల పాప్ పాట, పైన గిటార్ల రొద. రెండూ ఒకేసారి, ఒకే గదిలో.

ఎక్కడ మొదలుపెట్టాలి?

‘జస్ట్ లైక్ హనీ’తో. మూడు నిమిషాల పాట, రొద తక్కువ, ట్యూన్ వెంటనే పట్టుకుంటుంది. తర్వాత ‘టేస్ట్ ఆఫ్ సిండీ’ అకూస్టిక్ వెర్షన్ వినండి, వెంటనే అదే పాటను ఆల్బమ్‌లో వినండి. ఆ తర్వాత ‘నెవర్ అండర్‌స్టాండ్’. ‘అప్‌సైడ్ డౌన్’ చివరికి ఉంచుకోండి. చాలామంది తొలి సింగిల్ కదా అని దానితోనే మొదలుపెట్టి, అరనిమిషంలో ఆపేస్తారు. ఆ తొందర వల్ల ఒక మంచి బ్యాండ్ వాళ్లకు దూరమైపోతోంది.

## మొదటిసారి విన్నాక

నా ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయా? ఫైల్ కరప్ట్ అయిందా?

రెండూ కాదు. నేనూ మొదటిసారి జాక్ మూడుసార్లు తీసి పెట్టాను. ఆ కీచుమనే శబ్దం కావాలని రికార్డు చేసిందే. ఖాయం చేసుకోవాలంటే అదే ఇయర్‌ఫోన్స్‌తో ఆల్బమ్‌లో అయిదో పాట ‘కట్ డెడ్’ వినండి. అది మెత్తగా, దాదాపు నిశ్శబ్దంగా సాగుతుంది. అది బాగా వినిపిస్తే మీ ఇయర్‌ఫోన్స్ బాగున్నట్టే.

తలనొప్పి వస్తోంది. ఇందులో ట్యూన్ ఎక్కడుంది?

ఉంది. దొరకడానికి ఒక చిన్న పద్ధతి చెప్తాను. పాట పూర్తయ్యాక ప్లేయర్ ఆపేసి, ఒక నిమిషం ఏదైనా పని చేసుకోండి. గిన్నెలు కడుక్కోండి, బట్టలు ఆరేసుకోండి. మీకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తుంటారు. ఆ కూనిరాగంలో గిటార్ కీచు ఉండదు, ఎందుకంటే దాన్ని గొంతుతో పాడలేం. మిగిలేది ట్యూనే. ‘నెవర్ అండర్‌స్టాండ్’తో ఈ పని చేసి చూడండి. అది బీచ్‌లో పాడుకునే పాటలా తేలుతుంది.

ఇక సాక్ష్యం కావాలంటే ‘టేస్ట్ ఆఫ్ సిండీ’. ఆల్బమ్‌లో అది రెండు నిమిషాలు కూడా లేని ఒక రొద. 1986లో ‘సమ్ క్యాండీ టాకింగ్’ ఇ.పి.లో (కొద్ది పాటల చిన్న రికార్డు) అదే పాటను ఫజ్ లేకుండా, అంటే గిటార్‌ను గరగరలాడించే పెడల్ లేకుండా, అకూస్టిక్ గిటార్‌తో ఇచ్చారు. ఒక్క స్వరం మారలేదు, పాట నిలబడింది. రొద వెనక దాక్కోవాల్సిన అవసరం లేని పాటలివి. అందుకే ఆ రొదను అంత ధైర్యంగా వాటి మీద వేయగలిగారు. బలహీనమైన ట్యూన్ మీద అంత రొద వేస్తే రెండూ చచ్చిపోతాయి. వీళ్లను చూసి అదే పని చేయబోయిన ఎన్నో బ్యాండ్లు అక్కడే తడబడ్డాయి.

మాటలు ఎందుకు సరిగా వినపడవు?

మనకు సినిమా పాటల అలవాటు. అక్కడ గాయని గొంతు అందరికంటే ముందుంటుంది, వాయిద్యాలు వెనక నిలబడతాయి. ఇక్కడ గొంతును రివెర్బ్‌లో, అంటే ప్రతిధ్వనిలో ముంచి, గిటార్ల మధ్యలో పెట్టారు. పక్కింట్లో ఎవరో పాడుతుంటే గోడ ఇవతల నుంచి విన్నట్టుంటుంది. ఆ దూరం పాటలో భాగమే. ఈ మాటలు చెప్తున్న మనిషి మొహమాటస్తుడు, ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి చెప్పలేడు. ముందు మాటల్లేకుండా రెండుసార్లు వినండి, ఆ తర్వాత లిరిక్స్ చూసుకోండి. అవి చాలా సరళమైన ప్రేమపాటలని తెలిసి ఆశ్చర్యపోతారు.

పాటలన్నీ ఒకేలా ఉన్నాయే?

మొదటి రెండు మూడుసార్లు అలాగే అనిపిస్తుంది, అది మీ తప్పు కాదు. ఒకే రకం ఫజ్ ఆల్బమ్ అంతా పరుచుకుని ఉంటుంది, చెవి ముందు దాన్నే వింటుంది. దానికి అలవాటు పడ్డాక కింద ఉన్న తేడాలు పైకి వస్తాయి. ‘ది లివింగ్ ఎండ్’ పరుగు, ‘ది హార్డెస్ట్ వాక్’ తూగు, ‘సోయింగ్ సీడ్స్’ మెత్తదనం. పద్నాలుగు పాటలు దాదాపు 40 నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి మళ్లీ వినడం కష్టం కాదు.

ఫోన్‌లో వింటే చాలా, మంచి స్పీకర్లు కావాలా?

మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. స్ట్రీమింగ్ క్వాలిటీ మాత్రం పెంచుకోండి. డేటా ఆదా కోసం పాటను బాగా కుదించినప్పుడు ముందు దెబ్బతినేది ఇలాంటి గరగర శబ్దాలే. కుదించే సాఫ్ట్‌వేర్‌కు ఒక స్పష్టమైన వేణువు స్వరం తేలిక, రొద కష్టం. తక్కువ క్వాలిటీలో ఫజ్ గిటార్ నీళ్లలో ఉడుకుతున్నట్టు వినిపిస్తుంది. ఆ శబ్దం మాత్రం బ్యాండ్‌ది కాదు.

చెవులకు ప్రమాదమా?

పాట వల్ల కాదు, వాల్యూమ్ వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. శబ్దం పెరిగేకొద్దీ సురక్షితమైన సమయం చాలా త్వరగా తగ్గిపోతుంది. ఈ ఆల్బమ్‌లో పై స్థాయి కీచులు ఎక్కువ, కాబట్టి మీరు మామూలుగా పెట్టుకునే వాల్యూమ్ కంటే రెండు మెట్లు తగ్గించి మొదలుపెట్టండి. తక్కువ వాల్యూమ్‌లో ట్యూన్ ఇంకా బాగా తెలుస్తుంది కూడా. విన్నాక చెవుల్లో గుయ్‌మంటే ఆ రోజుకు ఆపేయండి.

## ఆ ఊరు, ఆ రోజులు

అయిదేళ్లు ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చున్నారట, నిజమా?

నిజమే. ఈస్ట్ కిల్‌బ్రైడ్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో, గ్లాస్గో జనాన్ని సర్దడానికి ప్రకటించిన న్యూ టౌన్. స్కాట్లాండ్‌లో అలాంటివాటిలో మొదటిది. కొత్త ఇళ్లు, రౌండబౌట్లు, ఫ్యాక్టరీలు. 1980ల మొదట్లో బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. అన్నదమ్ములిద్దరూ నిరుద్యోగ భృతి మీద, ఒకే గది పంచుకుంటూ, రాత్రంతా రికార్డులు వింటూ గడిపారు. తమ బ్యాండ్ ఎలా ఉండాలో, ఎలా కనిపించాలో, ఏ పాట ఎలా వినిపించాలో మాట్లాడుకుంటూనే ఉన్నారు. బయటి నుంచి చూస్తే సోమరితనం. కానీ తొలి సింగిల్‌లోనే వాళ్ల సౌండ్ పూర్తిగా తయారై ఉండటానికి కారణం ఆ ఖాళీ ఏళ్లేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ మాటలన్నీ రిహార్సల్ లాంటివే.

ఇంట్లో డబ్బు లేనప్పుడు రికార్డింగ్ మిషన్ ఎలా కొన్నారు?

వాళ్ల నాన్నగారి ఫ్యాక్టరీ ఉద్యోగం పోయింది. అప్పుడు వచ్చిన పరిహారంలోంచి 1983లో 300 పౌండ్లు కొడుకులకు ఇచ్చారు. దాంతో పోర్టాస్టూడియో కొన్నారు. అది మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసే మిషన్. స్టూడియో గడప తొక్కకుండా, పడకగదిలో కూర్చుని డెమోలు (నమూనా రికార్డింగులు) చేసుకునే వీలు దానితోనే వచ్చింది. ఉద్యోగం పోయిన మనిషి ఆ డబ్బును పిల్లల పాటలకు ఇవ్వడం చిన్న విషయం కాదు. ఈ బ్యాండ్ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే.

ఆ క్యాసెట్ వెనక వైపు కథ ఏంటి?

డెమో క్యాసెట్‌ను గ్లాస్గోలో ఒక క్లబ్ నడిపే అతనికి ఇచ్చారు. అతనికి నచ్చలేదు. కానీ క్యాసెట్ రెండో వైపు, ఇంగ్లీషు రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ తొలినాళ్ల గాయకుడు సిడ్ బారెట్ పాటలు ఉన్నాయి. సిడ్ అంటే ప్రాణం పెట్టే కుర్రాడొకడు అతనికి తెలుసు, పేరు బాబీ గిలెస్పీ. ఆ క్యాసెట్ గిలెస్పీకి చేరింది. అతను సిడ్ కోసం తీసుకుని, మొదటి వైపు విని, క్యాసెట్ మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. తన స్నేహితుడు అలన్ మెగీకి చెప్పాడు. లండన్‌లో క్రియేషన్ రికార్డ్స్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టిన మెగీ 1984 జూన్‌లో వాళ్లను తన క్లబ్‌లో వాయించమని పిలిచాడు. అలా మొదలైంది.

ఎవరి ప్రభావం ఎక్కువ?

ఒక చెవిలో 1960ల అమెరికన్ పాప్: షాంగ్రి-లాస్, రోనెట్స్ అనే ఆడపిల్లల గ్రూపులు, బీచ్ బాయ్స్. ఇంకో చెవిలో న్యూయార్క్ రాక్ బ్యాండ్లు వెల్వెట్ అండర్‌గ్రౌండ్, రమోన్స్, లోహపు ముక్కలతో, యంత్రాలతో సంగీతం చేసిన జర్మన్ బ్యాండ్ ఐన్‌స్టూర్జెండె నోయ్‌బౌటెన్. ఆడపిల్లల పాప్ గ్రూప్ పాటను ఆ జర్మన్ రొదతో కలిపితే ఎలా ఉంటుందన్నదే వాళ్ల ఆలోచన. ఈ రెండు రకాలూ విడివిడిగా ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు. రెంటినీ ఒకే మూడు నిమిషాల పాటలోకి తెచ్చే పని వీళ్లు చేశారు.

## రికార్డింగులు

‘అప్‌సైడ్ డౌన్’ ఎందుకంత ముఖ్యం?

1984 నవంబరులో క్రియేషన్ రికార్డ్స్ 12వ నంబరు సింగిల్‌గా వచ్చింది. మొదటి సెకను నుంచి చివరి దాకా ఒక ఫీడ్‌బ్యాక్ కూత (మైకు స్పీకర్ దగ్గరికెళ్తే వచ్చే కీచు లాంటిది) ఆగకుండా సాగుతుంది, దాని కింద పాట నడుస్తుంది. అప్పటికి ఫీడ్‌బ్యాక్ కొత్తది కాదు. పాట చివర్లోనో, సోలోలోనో వాడేవాళ్లు. దాన్ని తంబూరా శ్రుతిలా పాట పొడవునా పరిచిన తీరు కొత్తది. 1985 మొదట్లో అది బ్రిటన్ ఇండిపెండెంట్ చార్టులో (చిన్న లేబుళ్ల రికార్డుల అమ్మకాల జాబితా) మొదటి స్థానానికి వెళ్లింది. చేతిలో పెద్దగా డబ్బులేని చిన్న లేబుల్‌కు అది ప్రాణం పోసింది.

దాని రెండో వైపు పాట పింక్ ఫ్లాయిడ్‌దా?

‘వెజిటబుల్ మ్యాన్’. సిడ్ బారెట్ పింక్ ఫ్లాయిడ్‌లో ఉండగా రాసింది. 1984 నాటికి పింక్ ఫ్లాయిడ్ దాన్ని విడుదలే చేయలేదు, అనధికార రికార్డుల్లోనే తిరిగేది. అసలు పాట అధికారికంగా బయటికి వచ్చింది 2016లో.

ఈ ఫీడ్‌బ్యాక్ అసలు ఎలా పుడుతుంది?

పెళ్లి పందిట్లో మైకు పట్టుకుని ఎవరైనా స్పీకర్ బాక్సు ముందుకు వెళ్తే "కుయ్య్" మంటుంది కదా, అదే. మైకు తీసుకున్న శబ్దం స్పీకర్‌లోంచి పెద్దదై వచ్చి మళ్లీ మైకులో పడుతుంది, మళ్లీ పెద్దదవుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో మైకు బదులు పికప్ ఉంటుంది. స్పీకర్ శబ్దం తీగలను కదిలిస్తుంది, ఆ కదలికను పికప్ మళ్లీ ఆంప్‌కు (శబ్దాన్ని పెంచే పెట్టెకు) పంపుతుంది. మీటకపోయినా తీగ మోగుతూనే ఉంటుంది. గిటార్ పట్టుకున్న మనిషి ఒక అడుగు పక్కకు జరిగితే, కొద్దిగా తిరిగితే, కూసే స్వరం మారిపోతుంది. విలియం చేతిలో ఉన్నది లోపల బోలుగా ఉండే గ్రెట్ష్ గిటార్. ఆ చెక్క పెట్టె కూడా స్పీకర్‌తో కలిసి కంపిస్తుంది కాబట్టి తొందరగా కూస్తుంది. పందిట్లో మైకు సర్దే అతను దేన్ని ఆపడానికి పరిగెడతాడో, విలియం దాని కోసమే ఆంప్ ముందు నిలబడ్డాడు.

ఆ గరగర కూడా ఫీడ్‌బ్యాకేనా?

కాదు, అది ఫజ్. కాలితో నొక్కే చిన్న పెట్టె. గిటార్ సిగ్నల్‌ను విపరీతంగా పెంచి, పైనా కిందా తలలు కోసేస్తుంది. అలా కోసినప్పుడు అసలు స్వరంలో లేని పై స్వరాలు పుట్టుకొస్తాయి, అదే గరగర. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే బలంతో వస్తుంది కాబట్టి మోత ఆగదు, ఫీడ్‌బ్యాక్‌కు కూడా దారి సులువవుతుంది. విలియం వాడింది జపాన్‌లో తయారైన షిన్-ఎయ్ ఫజ్. మామూలు ఫజ్ లావుగా, వెచ్చగా ఉంటుంది. ఇది సన్నగా, కోసినట్టు, తేనెటీగల తుట్టెలా వినిపిస్తుంది. మధ్యలో ఖాళీ ఉండటం వల్లే జిమ్ గొంతుకు చోటు మిగిలింది.

డ్రమ్స్ సెట్‌లో రెండే ఉండేవట, నిజమా?

బాబీ గిలెస్పీ వాయించింది రెండే డ్రమ్ములు, అదీ నిలబడి. ఒక ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్), ఒక స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్). వెల్వెట్ అండర్‌గ్రౌండ్ డ్రమ్మర్ మో టక్కర్ నిలబడి వాయించేది, ఆ దారే ఇది. తొలి సింగిల్‌లో డ్రమ్స్ వాయించిన మరే డాల్గ్లీష్ వెళ్లిపోయాక గిలెస్పీ వచ్చాడు. డగ్లస్ హార్ట్ బేస్ గిటార్‌కు నాలుగు తీగల బదులు రెండే ఉండేవి, అతనికి అంతే అవసరం. పైన గిటార్లు అంత గందరగోళం చేస్తుంటే కింద ఇంత సాదాగా ఉండబట్టే పాట విడిపోకుండా నిలబడింది.

‘జస్ట్ లైక్ హనీ’ మొదట్లో డ్రమ్స్ ఎక్కడో విన్నట్టుంది.

విన్నారు. "దుం... దుం-దుం, ఠాప్." 1963లో రోనెట్స్ పాడిన ‘బి మై బేబీ’ మొదలయ్యేది దానితోనే. అది ఫిల్ స్పెక్టర్ ప్రొడక్షన్, డ్రమ్స్ హాల్ బ్లెయిన్. స్పెక్టర్ ఒకే స్టూడియోలో బోలెడంతమంది వాయిద్యకారులను కూర్చోబెట్టి, ప్రతిధ్వని గదిలోంచి పంపి, శబ్దాన్ని గోడలా కట్టేవాడు. రీడ్ సోదరులకు అంతమంది లేరు. ఆ గోడను ఫజ్‌తో కట్టారు. ‘సోయింగ్ సీడ్స్’లో కూడా అదే దెబ్బ మళ్లీ వస్తుంది. దీన్ని కాపీ అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. అందరికీ తెలిసిన తలుపు తట్టి, మీరు ఊహించని గదిలోకి తీసుకెళ్లడం అది. ‘జస్ట్ లైక్ హనీ’ చివర్లో వినిపించే ఆడగొంతు కరెన్ పార్కర్‌ది.

‘సైకోక్యాండీ’ని ఎక్కడ రికార్డు చేశారు?

లండన్ ఉత్తరాన వుడ్ గ్రీన్‌లో ఉన్న సదర్న్ స్టూడియోస్‌లో, 1985లో. ఇంజనీర్ జాన్ లోడర్. అతను క్రాస్ లాంటి పంక్ బ్యాండ్లతో పని చేసినవాడు కాబట్టి మీటర్ ముల్లు ఎర్రగీత దాటితే కంగారుపడే మనిషి కాదు. ప్రొడ్యూసర్‌గా బ్యాండ్ తన పేరే వేసుకుంది. "ఇది ఇలా ఉండకూడదు" అనే మనిషి గదిలో లేకపోవడమే ఈ ఆల్బమ్‌కు కలిసొచ్చింది.

పెద్ద కంపెనీ డబ్బుతో చేస్తే ఇండీ, అంటే ఇండిపెండెంట్ సంగీతం, ఎలా అవుతుంది?

న్యాయమైన ప్రశ్న. ‘అప్‌సైడ్ డౌన్’ తర్వాత వాళ్లు చేరిన లేబుల్ బ్లాంకో ఇ నీగ్రో. అది వార్నర్ సంస్థ అండతో నడిచేది. రఫ్ ట్రేడ్ అనే ఇండిపెండెంట్ లేబుల్ పెట్టిన జెఫ్ ట్రావిస్ దాన్ని చూసుకునేవాడు. కాబట్టి కాగితం మీద ‘సైకోక్యాండీ’ ఇండిపెండెంట్ రికార్డు కాదు. సౌండ్‌లో, తీరులో, ఆ తర్వాత వచ్చిన ఇండీ బ్యాండ్ల మీద చూపిన ప్రభావంలో మాత్రం ఇండీయే. రెండు అర్థాలనూ కలిపేయకుండా ఉంటే గొడవ లేదు. అమ్మకాలూ ఆకాశాన్ని తాకలేదు. 1985లో బ్రిటన్ సింగిల్స్ చార్టులో ‘నెవర్ అండర్‌స్టాండ్’ 47, ‘యూ ట్రిప్ మీ అప్’ 55, ‘జస్ట్ లైక్ హనీ’ 45వ స్థానం దాకా వెళ్లాయి. ఆల్బమ్ 31.

ఫ్యాక్టరీవాళ్లు రికార్డు అచ్చు వేయడానికి ఒప్పుకోలేదట?

ఆ రోజుల్లో ఒక సింగిల్ రెండో వైపు వేయాలనుకున్న పాట శీర్షికలో జీసస్ పేరు అమర్యాదగా ఉందని ప్రెసింగ్ ప్లాంట్ పనివాళ్లు ఒప్పుకోలేదు. పాట మార్చాల్సి వచ్చింది.

జాన్ పీల్ సెషన్స్ వినాలా?

తప్పకుండా. బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ కొత్త బ్యాండ్లను పిలిచి, ఒక్కరోజులో నాలుగైదు పాటలు రికార్డు చేయించేవాడు. వీళ్ల మొదటి సెషన్ 1984 అక్టోబరులో, అంటే తొలి సింగిల్ ఇంకా షాపుల్లోకి రాకముందే. ‘ఇన్ ఎ హోల్’, ‘నెవర్ అండర్‌స్టాండ్’ లాంటి పాటలు అక్కడ ఇంకా పచ్చిగా ఉంటాయి. ఆల్బమ్ పాటలు అప్పటికే ఎంతవరకు సిద్ధమయ్యాయో అక్కడ తెలుస్తుంది.

## స్టేజి మీద

ఇరవై నిమిషాలే వాయించేవాళ్లట. ఎందుకు?

అప్పటికి పాటలు తక్కువ, ఉన్నవీ చిన్నవి. పైగా ఇద్దరూ బిడియస్తులు, తాగి ఎక్కేవాళ్లు, జనానికి వీపు చూపించి నిలబడేవాళ్లు. టికెట్ కొన్నవాళ్లకు కోపం రావడం సహజం. నేనైతే, ఆ పాటలకు ఇరవై నిమిషాలు సరిపోతాయనే అంటాను. కానీ ఆ మాట ముందే చెప్పి టికెట్ అమ్మాల్సింది.

1985 మార్చి గొడవ ఏంటి?

1985 మార్చి 15న నార్త్ లండన్ పాలిటెక్నిక్‌లో కచేరీ. హాలు పట్టనంతమంది వచ్చారు, చాలామంది బయటే ఉండిపోయారు. బ్యాండ్ ఆలస్యంగా ఎక్కి, కాసేపు వాయించి దిగిపోయింది. జనం స్టేజి మీదికి వెళ్లి ఆంప్‌లు, సామాన్లు విరగ్గొట్టారు. పత్రికలు దాన్ని అల్లరి మూకల కథగా రాశాయి, మేనేజర్‌గా ఉన్న మెగీ దాన్ని ప్రచారానికి వాడుకున్నాడు. పేరు వచ్చింది, నష్టమూ వచ్చింది. ఆ తర్వాత కొన్ని కచేరీలకు పాట కోసం కాకుండా సీసాలు విసరడానికే వచ్చేవాళ్లు తయారయ్యారు. ఇంత మెత్తని ట్యూన్లు రాసినవాళ్లను గొడవల బ్యాండ్‌గా గుర్తుంచుకోవడం నాకు బాధగా ఉంటుంది.

## ఆ తర్వాత

రెండో ఆల్బమ్‌లో ఆ రొద ఏమైపోయింది?

1987లో వచ్చిన ‘డార్క్‌లాండ్స్’లో డ్రమ్మర్ బదులు డ్రమ్ మిషన్, ఫీడ్‌బ్యాక్ దాదాపు లేదు. అదే పద్ధతిని రెండోసారి చేస్తే తమను తామే అనుకరించినట్టవుతుందని వాళ్లకు తెలుసు. ఆల్బమ్ బ్రిటన్‌లో 5వ స్థానానికి వెళ్లింది, ‘ఏప్రిల్ స్కైస్’ సింగిల్ 8వ స్థానానికి. రొద తీసేస్తే ఏమీ మిగలదన్నవాళ్లకు అది జవాబు.

బాబీ గిలెస్పీ ఎందుకు వెళ్లిపోయాడు?

అతనికి అప్పటికే ప్రైమల్ స్క్రీమ్ అనే సొంత బ్యాండ్ ఉంది. 1986లో దానికే పూర్తి సమయం ఇచ్చాడు. 1991లో వచ్చిన ‘స్క్రీమడెలికా’ వాళ్లదే.

నా దగ్గరి ‘సైకోక్యాండీ’లో 15 పాటలున్నాయి. ఏది ఎక్కువ?

‘సమ్ క్యాండీ టాకింగ్’. అసలు ఎల్పీలో 14 పాటలే. ఇది 1986లో విడిగా వచ్చి బ్రిటన్‌లో 13వ స్థానానికి వెళ్లింది, ఆ తర్వాత కొన్ని సీడీల్లో కలిపారు. పాటలో డ్రగ్స్ ప్రస్తావన ఉందని రేడియో 1లో అభ్యంతరం వచ్చింది కూడా. పాట గొప్పదే, కానీ ఆల్బమ్ మధ్యలో అది కొత్త బట్ట మీద అతుకులా అనిపిస్తుంది. దాన్ని దాటేసి వినండి.

‘అప్‌సైడ్ డౌన్’ ఆల్బమ్‌లో లేదు. ఎక్కడ దొరుకుతుంది?

1988లో వచ్చిన ‘బార్బ్‌డ్ వైర్ కిసెస్’ సంకలనంలో. బి-సైడ్లు (సింగిల్స్ రెండో వైపు పాటలు), విడి సింగిల్స్ అందులో ఉన్నాయి. ‘టేస్ట్ ఆఫ్ సిండీ’ అకూస్టిక్ కూడా అక్కడే.

షూగేజ్ (గిటార్ల రొదలో గొంతు కలిసిపోయే రాక్ సంగీతం) వీళ్ల నుంచే వచ్చిందా?

పెద్ద ఊట ఇదే, ఒక్కటే కాదు. డబ్లిన్‌లో మొదలైన మై బ్లడీ వాలెంటైన్ 1991లో ‘లవ్‌లెస్’ చేసే నాటికి గిటార్ రొదను వేరే చోటికి తీసుకెళ్లింది. అక్కడ రొద మబ్బులా కమ్ముకుంటుంది, పాట అందులో కరిగిపోతుంది. మేరీ చైన్‌లో పాట కరగదు, ఎముకలా గట్టిగా తగులుతుంది.

ఈ పాట ఏదో సినిమా చివర్లో విన్నాను.

2003లో వచ్చిన ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ ముగింపులో ‘జస్ట్ లైక్ హనీ’ వస్తుంది. నాకు తెలిసినవాళ్లలో సగం మంది ఈ బ్యాండ్ దగ్గరికి వచ్చిన దారి అదే.

ఇప్పుడూ వాయిస్తున్నారా?

వాయిస్తున్నారు. అన్నదమ్ముల గొడవలతో 1999లో విడిపోయి, 2007లో అమెరికాలోని కోచెల్లా ఫెస్టివల్‌లో మళ్లీ కలిశారు. 2017లో ‘డ్యామేజ్ అండ్ జాయ్’, 2024లో ‘గ్లాస్గో ఐస్’ ఆల్బమ్‌లు వచ్చాయి.

## మీరే వాయించాలంటే

గిటార్ కొద్దిగా వచ్చు. ఈ పాటలు వాయించగలనా?

వాయించగలరు. ఎక్కువ పాటల్లో మూడు నాలుగు కార్డులే (కలిపి మీటే స్వరాల గుంపులు). ముందు అకూస్టిక్ మీద, రొద లేకుండా, పాడుతూ నేర్చుకోండి. అలా విన్నవాళ్లకు నచ్చితేనే ఫజ్ దగ్గరికి వెళ్లండి. చవక ఫజ్ పెడల్ చాలు, సన్నగా, పదునుగా కోసే రకం చూసుకోండి. గొంతుకు రివెర్బ్ ఎక్కువ పెట్టండి. కొత్త పాట రాసేటప్పుడూ ఇదే వరస పాటించండి: ముందు ట్యూన్, తర్వాత రొద.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా ఫీడ్‌బ్యాక్ తెప్పించడం ఎలా?

హెడ్‌ఫోన్స్‌లో ఫజ్ వస్తుంది గానీ నిజమైన ఫీడ్‌బ్యాక్ రాదు, తీగను కదిలించే గాలి కావాలి కదా. చిన్న ఆంప్‌ను బల్ల మీద, గిటార్ పికప్ ఎత్తులో పెట్టి, జానెడు దూరంలో కూర్చోండి. ఫజ్ గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలన్న మీట) బాగా పెంచి, ఆంప్ వాల్యూమ్ మెల్లగా పైకి తెండి. మాట్లాడుకునే గొంతు కంటే కొంచెం పైకి వెళ్లగానే తీగ తనంతట తనే మోగడం మొదలవుతుంది. అప్పుడు గిటార్ వాల్యూమ్ నాబ్ మీద వేలు ఉంచి, కూత పెరగగానే తగ్గించండి. సాయంత్రం ఆరు, ఏడు మధ్య వాయించండి, పక్కింటివాళ్లకు ముందే చెప్పండి.